కుంపటి మీద లక్క, బేరంలో నేను

మా అక్క కూతురు తయారు చేస్తున్న ఆటను నేను ఒక్క మధ్యాహ్నంలో దివాలా తీయించాను. గొప్ప చెప్పుకోవడం లేదు. ఆ పిల్ల ముఖం అప్పుడు ఎలా వాడిపోయిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

మేడ్చల్ మెయిన్ రోడ్డు మీద మాది గాజుల దుకాణం. నాయిన పెట్టాడు, ఇప్పుడు నేను నడుపుతున్నాను. నడక రాకముందే నన్ను గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టారు. అందుకే నాకు బేరం అన్నది విద్య కాదు, దగ్గులాంటిది. ఆపుకుందామన్నా ఆగదు. కూరగాయల బండి దగ్గర కరివేపాకు ఊరికే రాకపోతే ఆ రోజు కూర రుచించదు. ఒకసారి జ్వరమొచ్చి ఆస్పత్రికి పోతే డాక్టరు రెండు సూదులు వేయాలన్నాడు. "ఒకటితోని కానియ్యిండ్రి సార్" అన్నాను. మా ఆయన ఆ తర్వాత నాతో ఏ ఆస్పత్రికీ రాలేదు.

అక్క శామీర్‌పేట్‌లో ఉంటుంది, ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. ఆమె కూతురు చదువు అయిపోయి, బౌరంపేట్‌లో ఒక విల్లా కింది భాగం అద్దెకు తీసుకున్న చిన్న కంపెనీలో చేరింది. ఐదారుగురు పిల్లలు కలిసి కంప్యూటర్ ఆట ఒకటి తయారు చేస్తున్నారు. తుపాకుల ఆట కాదు. అందులో ఒక బజారు ఉంటుంది. ఆడేవాళ్లు ఏదో ఒక కొట్టు పెట్టుకుని, సరుకు తామే తయారు చేసి అమ్ముకోవాలి. మిఠాయి కొట్టు, ఇత్తడి సామాన్ల కొట్టు, ఐసు గోలా బండి, ఇలాంటివి. అందులో మా పిల్ల చూసేది వేడి. ఏ వస్తువు ఎంత వేడికి మెత్తబడుతుంది, ఎంతకు కరుగుతుంది, ఎంతసేపటికి చల్లారుతుంది అన్నది లోకంలో ఎలా ఉంటే ఆటలోనూ అలాగే ఉండాలట. ఆడుకునేదానిలో ఇంత నిజాయితీ ఎందుకో నాకు అర్థం కాలేదు. దుకాణంలోనే మేము అంత పెట్టుకోము.

ఒక గురువారం, గిరాకీ లేని ఎండవేళ, ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని దుకాణానికి వచ్చింది.

"చిన్నమ్మా, జర గీ ఆట ఆడి చూడు. దీంట్ల ఎక్కడ మోసం చేయొచ్చో నీకైతే జల్దీ దొరుకుతది."

"నన్ను తిడ్తున్నవా, పొగుడుతున్నవా?"

"రెండూ కలిపి హోల్‌సేల్ల ఇస్తున్న, తీస్కో."

మా రక్తమే, అనుమానం లేదు.

పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చూపించింది. ఐసుగడ్డ కింద ఎంత మంట పెట్టినా, మొత్తం కరిగిందాకా అది సున్నా దగ్గరే మొండికేసుకుని కూర్చుంది. మరుగుతున్న నీళ్ల గిన్నె నూరు దాటనంది. "నీళ్లు మొత్తం ఆవిరైనంకనే గిన్నె మాడుతది" అని చెప్పింది పిల్ల. నెయ్యి ఎండకే కరిగిపోయింది. మైనం కొంచెం ఆగింది. ఇత్తడి తొమ్మిది వందల డిగ్రీల దాకా ఉలకలేదు, పలకలేదు. ఇవన్నీ ఫిక్స్‌డ్ రేటు సరుకులని నాకు తెలిసిపోయింది. బోర్డు మీద రాసిన అంకె వచ్చిందాకా కదలవు, వచ్చాక ఆగవు. గాజు అలా కాదట. దానికి ఇంత అని ఒక అంకె లేదట. వేడి పెరిగేకొద్దీ కొంచెం మెత్తబడి, కొంచెం వంగి, కొంచెం సాగి, చివరికి దారికొస్తుందట. అంటే గాజు బేరానికి దిగే సరుకు. పుట్టినప్పటి నుంచీ గాజుల మధ్య పెరిగిన నాకు ఆ సంగతి ఒక కంప్యూటరు చెప్పాల్సి వచ్చింది. లక్కదీ అదే గుణం, కాకపోతే చాలా తక్కువ వేడికే దిగివస్తుంది.

ఆ మాట చెప్పి, దాచిపెట్టిన మిఠాయి తీసినట్టు, చివరి కొట్టు తెరిచింది. లక్క గాజుల కొట్టు. కుంపటి, కుంపటి మీద ఇనుప పెనం, పెనం మీద ఎర్రటి లక్క ముద్ద. ముందు చాప మీద ఒక కాలు మడిచి, ఒక కాలు చాపుకుని కూర్చున్న ముసలామె. ఆ ముక్కుపుడక అచ్చం మా అమ్మది. మా అమ్మ ఈ దుకాణం వెనక గదిలో ఏళ్లకేళ్లు అలాగే కూర్చుని లక్క గాజులు చేసింది. కళ్లు మసకబారాక మానేసింది. ఆటలో మిగతా కొట్లన్నీ ఆఫీసువాళ్లు చెప్పినవేనట. ఇదొక్కటే మా పిల్ల తాను అడిగి పెట్టించుకున్నది.

చూసి ముచ్చటపడి ఊరుకోవచ్చు. నేను ఊరుకునే మనిషినైతే కదా.

అమ్ముడుపోని గాజులను మళ్లీ పెనం మీద వేశాను. కరిగాయి. వాటితోనే కొత్త గాజులు చేశాను. అవీ పోకపోతే మళ్లీ కరిగించాను. లక్క ఎన్నిసార్లు కరిగినా కొత్తదానిలాగే ఉంది. ఇక నాకు నష్టమెక్కడిది? కుంపటి ఎప్పుడూ ఆరకుండా, పెనం మీద లక్క ఎప్పుడూ మెత్తగా ఉంచుకుని, అడిగినవాళ్లకు అడిగిన క్షణంలో చేసిచ్చాను, అది కూడా చుట్టుపక్కల ఎవరూ ఇవ్వనంత చవకగా. పిల్ల టీ తెచ్చేలోపు ఇత్తడి సామాన్ల కొట్టు మూతపడింది. టీ తాగేలోపు మిఠాయి కొట్టు. ఆటలోని జనం ఆకలి మరిచిపోయి గాజులు కొంటున్నారు.

"చిన్నమ్మా, ఏం జేసినవ్?"

"ఏం జేసిన? యాపారం జేసిన."

పిల్ల నవ్వలేదు. నేను నవ్వుతూనే ఉన్నాను.

మర్నాడు ఫోన్ వచ్చింది. గొంతు బొంగురుపోయి ఉంది. నేను ఆడిన ఆటను తానే ఆఫీసులో చూపించిందట. లక్క కొట్టు ఉంటే ఆట మొత్తం చెడిపోతుందన్నారట. సోమవారం పెట్టుబడి పెట్టేవాళ్లు వచ్చి చూస్తారు. ఆలోగా లక్క నిజం లక్కలాగా నడవకపోతే ఆ కొట్టు తీసేసి, అక్కడ మైనపు వత్తుల కొట్టు పెడతారు.

"మైనం చిన్నమ్మా! కరిగించు, అచ్చుల పొయ్యి, అమ్ము. దానికి నేనెందుకు?"

"మరి అమ్మ బొమ్మ?"

"తీసేస్తరు."

తర్వాత తానే అడిగింది. "చిన్నమ్మా, లక్క సచ్చిపోతదంట గదా? సచ్చినంక మల్ల కరగదంట గదా? మా అమ్మ ఒకపారి సంపిందంట. గది ఎట్లయిందో చెప్పు. నాకు గదే కావాలె. లక్క సావాలె, అప్పుడే ఆట బతుకుతది."

నా చేతిలో డజను గాజులున్నాయి. కింద పెట్టాను.

ఆ కథ మా ఇంట్లో అందరికీ వచ్చు. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు, అక్కకు పదిహేడు. అమ్మ అక్కకు లక్క పని నేర్పుతోంది. నాకు ఓపిక లేదని నన్ను ముందు గదిలో ఉంచింది. ఎండాకాలం ఒకరోజు అమ్మా నాయినా సరుకు కోసం సిటీకి పోయారు. పెళ్లి గాజులకని తెచ్చిన లక్క మొత్తం అక్క పెనం మీద పెట్టింది. ఇంట్లో చుక్క నీళ్లు లేవు. లక్క మెత్తబడేలోపు వద్దామని బిందె తీసుకుని బోరింగు దగ్గరికి పోయింది. పోయేముందు బొగ్గులను గట్టిగా విసిరింది. సెగ ఎక్కువైపోయింది. ఐదు నిమిషాలకు చెల్లెలు లోపలికి పోయి చూసేసరికే లక్క చచ్చిపోయి ఉంది.

ఇదీ కథ. అమ్మకు ఈ కథ చెప్పిన చెల్లెలిని నేనే.

అమ్మ ఆ సాయంత్రం ముద్దను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ లాగి చూసింది. తిట్టలేదు, కొట్టలేదు. "నీది వేడి చెయ్యి బిడ్డా" అంది. లక్క పనికి చల్లని చెయ్యి కావాలని, వేడి చెయ్యి తగిలితే లక్క చస్తుందని అమ్మకు ఆ పని నేర్పినవాళ్ల నమ్మకం. మర్నాటి నుంచి కుంపటి దగ్గర అక్క చాప లేదు. కొన్నాళ్లకు కుట్టుమిషను వచ్చింది.

అక్క ఆ మాటను కుంపటి దగ్గరే వదిలేసి ఉంటే బాగుండేది. అత్తగారింటికి కూడా పట్టుకుపోయింది. ఇవాళ్టికీ పాలు తోడు వేయదు. "నాది వేడి చెయ్యి, పులుస్తది" అని బావతో వేయిస్తుంది, ఆయన లేకపోతే పక్కింటామెను పిలుస్తుంది. మామిడికాయ తొక్కు కలపదు. గులాబీ కొమ్మ గుచ్చాలన్నా కూతురి కోసం చూస్తుంది.

ఫోన్‌లో పిల్లకు ఆ పాత కథే చెప్పాను. ముప్పై ఏళ్లుగా అమ్ముతున్న సరుకు, తడుముకోవాల్సిన పని లేదు. "సెగ ఎక్కువైంది బిడ్డా, గంతే."

శనివారం మళ్లీ ఫోన్. "చిన్నమ్మా, కుదురుతలేదు. గంత సెగ పెడితే లక్క పొంగి, పొగలొచ్చి అంటుకుంటదని నెట్ల రాసిండ్రు. సచ్చిపోవుడంటే గదేనా? నాకు అర్థమైతలేదు. రేపు నిజం లక్క పెట్టి చూద్దాం. అవ్వ ఉంటది గదా, చెప్తది."

వద్దని చెప్పడానికి నాలుగైదు కారణాలు వెతికాను. ఆదివారం గిరాకీ ఉంటుందన్నాను, కుంపటి ఎక్కడుందో తెలియదన్నాను. ఒక్కటీ చెల్లలేదు.

ఆదివారం పొద్దున్నే తల్లీకూతుళ్లు స్కూటీ మీద దిగారు. దుకాణం వెనక మా ఇల్లు, ఇంటి వెనక చిన్న పెరడు. అటక మీది నుంచి కుంపటి దించాను. అమ్మ తన రేకు డబ్బాలో మిగిలిన లక్క కడ్డీలు చేత్తో తడిమి, వాసన చూసి, మంచివి ఏరి ఇచ్చింది. కుంపటి పక్కనే కుర్చీ వేయించుకుంది. అక్క మాత్రం దూరంగా బట్టలుతికే బండ మీద కూర్చుంది.

"దగ్గరికి రా అమ్మా, ఏం గాదు" అంది కూతురు.

"వద్దు బిడ్డా. నా చెయ్యి సంగతి తెలుసు గద. మీరు కానియ్యిండ్రి."

పిల్ల దగ్గర ఒక యంత్రం ఉంది. దూరం నుంచే గురిపెట్టి నొక్కితే ఎంత వేడి ఉందో అంకె చూపిస్తుంది. విసనకర్ర నాకిచ్చింది. "నువ్వు ఆనాడు చూసినవ్ గదా చిన్నమ్మా, అప్పుడెంత సెగ ఉండెనో గంత ఇసురు."

విసిరాను. నా అబద్ధాన్ని నేనే విసురుతున్నట్టుంది, చేతులు నొప్పెట్టాయి. బొగ్గులు ఎర్రబడి మంటలు లేచాయి. లక్క మెత్తబడింది, కారింది, బుడగలు బుడగలుగా పొంగింది. తర్వాత కళ్లు మండే పొగ, నల్లటి అంచులు, చివరికి ఒక మూల భగ్గుమంది. పిల్ల ఇసుక పోసి ఆర్పింది.

అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "గిదేంది, ఇల్లు కాలబెడ్తున్నరా?" అంది. చల్లారిన ముక్కను అడిగి తీసుకుంది. వేళ్ల మధ్య నలిపితే పొడిపొడిగా రాలింది. "ఇది మసి. ఆనాడు నా చేతికొచ్చింది మసి కాదు. వాసన రాలే. లాగితే సాగలే, ఒత్తితే లోపలికి పోయి మల్ల పైకి లేసింది. రబ్బరు లెక్క."

"అవును" అంది అక్క బండ మీది నుంచి. "నల్లగ కూడ కాలే. ఎర్రగనే ఉండె. సక్కగుంది గదా, ఎందుకు సాగుతలేదని నేను ఏడ్చిన."

పిల్ల ఫోన్‌లో ఏదో వెతికింది. పెదవులు కదిలిస్తూ చదువుకుంది. తలెత్తింది. "అయితే సెగ ఎక్కువ కాలే. టైమ్ ఎక్కువైంది. సన్న సెగ మీద చాలాసేపు ఉంటే లక్క లోపల్లోపలనే ముడిపడిపోతదంట. పడ్డ ముడి ఇగ ఇడిపోదు. గందుకే మల్ల కరగదు." నా వైపు తిరిగింది. ఆ చూపులో అనుమానం లేదు, లెక్క కుదరని చిరాకు మాత్రమే ఉంది. "కానీ చిన్నమ్మా, నువ్వు ఐదు నిమిషాలకే పోయి చూసినవ్ గదా?"

"ఐదో... పదో."

"సరే, పది పెట్టి చూద్దాం."

బొగ్గులను సన్నసెగకు సర్ది, కొత్త లక్క పెనం మీద వేసింది. ఫోన్‌లో గడియారం నడుస్తోంది. పది నిమిషాలకు కర్రపుల్లతో ముద్దను తాకి పైకి లాగితే పట్టుదారంలా సాగింది.

"పదికి ఏం కాలే."

"ఇరవై అయి ఉండొచ్చు. అప్పుడు గడియారం ఎవలు చూసిండ్రు?"

ఇరవైకి కూడా సాగింది. అక్క మెడ చాచి చూసింది. "ఎంత మంచిగ సాగుతాంది!" ఆ మాటలో ఉన్న ఆశ నాకు వినబడింది.

"అరగంట పెట్టు బిడ్డా. గదే నా ఆఖరి మాట."

అమ్మ మసక కళ్లు నా గొంతు వచ్చిన వైపు తిరిగాయి. "ఏందే, టైముకు బేరమాడుతున్నవా?"

నాయిన చెప్పేవాడు, 'ఆఖరి మాట' అన్నవాళ్ల సంచిలో ఇంకో మాట ఉంటుందని. గిరాకీల మీద ఎన్నోసార్లు వాడాను ఆ సూత్రం. నా మీదికి వస్తుందని అనుకోలేదు.

ఇంకా తప్పించుకునే దారి ఉంది. గుర్తులేదు అంటే సరిపోయేది. పెనం మీది లక్క ఎప్పుడు చస్తే అప్పుడు పిల్ల ఆ అంకె రాసుకుని పోయేది, కొట్టు నిలబడేది, నా కథకు చిన్న మాటు పడేది. ఆ మాటే అనబోయాను. అప్పుడు అక్కను చూశాను. చూడటానికి కొంచెం ముందుకు జరిగింది, కానీ రెండు చేతులూ కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది, తన చేతుల వేడి అక్కడి నుంచి కూడా లక్కకు తగులుతుందేమో అన్నట్టు.

"గంట దాటింది" అన్నాను.

నేనే చెప్పుకుంటూ పోయాను. ఆ రోజు అత్వెల్లి నుంచి ముగ్గురు ఆడవాళ్లు పెళ్లి గాజులకు వచ్చారు. నాయిన లేకుండా నేను ఒక్కదాన్నే గల్లా దగ్గర కూర్చున్న మొదటి రోజు అది. అక్క బిందె ఎత్తుకుంటూ వెనక నుంచి కేకేసింది, 'చెల్లె, లక్క మీద ఓ కన్నేయి' అని. నాకు వినిపించింది. ఆఁ అన్నాను కూడా. వినిపించలేదని తర్వాత అందరికీ చెప్పాను గాని, వినిపించింది. అప్పటికే బేరం మొదలైంది. వాళ్లు లేచి పోతుంటే కూర్చోబెట్టాను, నేను కొంచెం దిగాను, వాళ్లు ఎక్కలేదు. మళ్లీ లేచారు, మళ్లీ కూర్చోబెట్టాను. లోకంలో నేనూ వాళ్లూ తప్ప ఏమీ లేదు. వాళ్లు గడప దాటాక లక్క గుర్తొచ్చింది. పోయి చూస్తే రంగు చెడకుండా, నిగనిగలాడుతూ, చచ్చి ఉంది. భయంతో పెనం దించి పక్కన పెట్టి, సెగ ఎక్కువైనట్టు కనబడాలని బొగ్గులను నేనే మంటలొచ్చేదాకా విసిరాను. బోరింగు దగ్గర వరుసలో నిలబడి నిలబడి, నిండు బిందెతో వచ్చిన అక్క ఆ మంటలు చూసింది. 'నేనే ఎక్కువ ఇసిరినట్టున్న' అంటూ కూలబడింది. నేను నోరు తెరవకముందే ఆమె సగం నమ్మేసింది. మిగతా సగం నేను పూర్తి చేశాను.

బొగ్గు ఒకటి చిటిలింది. మా పిల్ల తల్లి వైపు చూడాలో నా వైపు చూడాలో తెలియక యంత్రం వైపు చూస్తోంది.

"ఎంతకు తెగింది?" అంది అక్క.

"ఏంది?"

"బేరమే. గంటసేపు ఆడినవ్ గద. ఎంతకు తెగింది?"

"తెగలే అక్కా. కొనకుండనే పోయిండ్రు."

అక్క నా ముఖం వైపు కాసేపు అలాగే చూసింది. తర్వాత నవ్వు మొదలైంది. బండ మీద ఊగిపోతూ నవ్వింది, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వింది, తుడుచుకున్నకొద్దీ వచ్చాయి. ఎక్కడ నవ్వు ఆగిందో ఎక్కడ ఏడుపు మొదలైందో నాకు తెలియలేదు. నేను అటు పడేసిన విసనకర్ర అందుకుని నా మీదికి విసిరింది. మోకాలికి తగిలింది. "ముప్పై ఏండ్లు! ముప్పై ఏండ్లు నా ఇంట్ల పెరుగు పక్కింటోళ్లు తోడేసిండ్రే, దొంగముండా!"

మోకాలు రుద్దుకున్నాను.

"ఇటు రా బిడ్డా" అంది అమ్మ. అక్క రాలేదు. అమ్మ మళ్లీ పిలిచింది. వచ్చి కుర్చీ పక్కన కూర్చుంటే, కొంగులోంచి ఆమె చెయ్యి బయటికి తీసి తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. లక్కను చూసినట్టే, వేళ్లు ఒక్కొక్కటీ ఒత్తి చూసింది. "సల్లగనే ఉన్నది" అంది. కొంచెం ఆగి, "ఆనాడు నేను ముద్దనే పట్టి చూసిన. నీ చెయ్యి పట్టి చూడలే" అంది.

అప్పుడు మా పిల్ల ముక్కు ఎగబీల్చుకుంటూ, "ఎవ్వలు లెవ్వకుండ్రి, టైమ్ నడుస్తాంది" అంది. ఏడుస్తూనే పని చూసుకుంటోంది. ఐదైదు నిమిషాలకు ముద్దను తాకి లాగుతూనే ఉంది. దారం లావెక్కింది, పొట్టిదైంది. గంట దాటిన కాసేపటికి పుల్లతో లాగితే ముద్ద మొత్తం లేచి, వదలగానే వెనక్కి కూర్చుంది. కొంచెం చల్లార్చి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ ఒత్తింది. అది పైకి లేచింది.

"ఇదే" అంది అమ్మ.

పిల్ల నోటు పుస్తకంలో రాసుకుంటుంటే అక్క వంగి చూసింది. "సరిగ్గ రాసుకో. మీ చిన్నమ్మ మల్ల తగ్గిస్తది."

తర్వాత అక్క ఎవరూ చెప్పకుండానే కుంపటి దగ్గరికి జరిగింది. కొత్త కడ్డీ తీసి సెగకు చూపించి, మెత్తబడగానే చెక్క మీద దొర్లించింది. మొదట వేళ్లు భయపడ్డాయి, ఒకటి రెండుసార్లు చటుక్కున వెనక్కి తీసుకుంది. లక్క సాగింది. చుట్టి అతికించిన గాజును అమ్మ తడిమి, "వంకర" అంది. అక్క దాన్ని తన చేతికే వేసుకుంది.

ఆ మధ్యాహ్నమంతా, సాయంత్రమంతా పిల్ల కూర్చుని ఆటలోని లక్కను మార్చింది. ఇప్పుడు ఆటలో లక్కకు ఆయుష్షు ఉంది. సన్నసెగ మీద ఉన్న ప్రతి నిమిషమూ అందులోంచి పోతుంది. మళ్లీ కరిగించవచ్చు, కానీ కొన్నిసార్లే. సెగ మరీ పెంచితే మండుతుంది, మరిచిపోతే చస్తుంది. ఇంకొకటి కూడా చేర్చింది, నన్ను అడగకుండా. కొట్టు ముందు గిరాకీ నిలబడి బేరమాడుతున్నంతసేపూ వెనక కుంపటి మీద లక్క కాగుతూనే ఉంటుంది.

సోమవారం మధ్యాహ్నం బౌరంపేట్ నుంచి ఫోన్ వచ్చింది. "ఉంచిండ్రు చిన్నమ్మా! వచ్చినోళ్లల్ల ఒకాయన బేరంల పడి మూడుపార్ల లక్క సంపుకున్నడు. ఇంకొక్కపారి ఆడనియ్యుమని బతిమిలాడిండు. అవ్వ బొమ్మ ఉంటది." వెనక ఎవరో చప్పట్లు కొడుతున్నారు. ఆ చప్పట్లలో నా వాటా ఎంతో అడుగుదామనుకుని, ఆ ఒక్కసారికి నోరు మూసుకున్నాను.

ఆ ఆట నేను ఇప్పుడూ ఆడతాను. నా లక్క ప్రతిసారీ చస్తుంది. ఒక్క మాట చెప్పి వదిలేద్దామని కూర్చుంటాను, గిరాకీ 'జర తగ్గించు' అనగానే ఒళ్లు మరిచిపోతాను. అక్క ఆడితే లక్క చావదు. ఒకటే రేటు చెబుతుంది, ఇష్టముంటే తీసుకో, లేకపోతే పో అంటుంది. అంతసేపూ ఆమె కన్ను కుంపటి మీదే. ఆమె కొట్టు నా కొట్టుకంటే బాగా నడుస్తోందని పిల్ల నాకు రోజూ చెబుతుంది, ఎవరూ అడగకపోయినా.

అక్క నాతో మామూలుగానే ఉంది అనలేను. రెండు వారాలు ఫోన్ ఎత్తలేదు. మూడో వారం, ఎండ పెటపెటలాడుతున్న వేళ, తానే దుకాణానికి వచ్చింది. స్టీలు డబ్బా ఒకటి గల్లా మీద పెట్టి మూత తీసింది. పెరుగు.

"నేనే తోడేసిన. తిని చెప్పు."

గిరాకీని ఆగమని చెప్పి ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాను. పులిసింది. నాలుక మీద చురుక్కుమంది.

"మస్తు తియ్యగున్నది అక్కా."

అక్క నా చేతిలోంచి చెంచా తీసుకుని తాను కూడా ఒకసారి రుచి చూసింది. నేను ఆమె ముఖమే చూస్తున్నాను.

"నీ అబద్ధాలు నీ గిరాకీలకు చెప్పుకో" అంది. "పులిసింది. గీ ఎండల శామీర్‌పేట్ కాడికెల్లి బండి మీద తెస్తే పులవదా? నా చెయ్యి ఏం జేస్తది?"